భివండీ మగ్గాల నడుమ ఎస్. వి. రంగారావుగారు

(జూలై 18వ తేదీన జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ముందుగా ఒక చిన్న మనవి. నేను పండితుడను కాను. 40 ఏండ్లు సాంచాలపై పనిచేసి, ఆ పిమ్మట కొన్నాళ్లు ఒక కార్ఖానాలో లెక్కలు వ్రాసినవాడను. నా వినికిడిలో సగము ఆ సాంచాలకే అప్పగించి వచ్చితిని. కావున నేను బిగ్గరగా మాటలాడినచో కోపముగా నున్నానని పిల్లలు భయపడవలదు.

సామర్ల వెంకట రంగారావుగారు 1974 జూలై 18న మద్రాసులో గుండెజబ్బుతో కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 56 సంవత్సరములే. నేటికి 50 ఏండ్లు దాటినవి. ఈ సభను మనము ఏటేట జరుపుకొనుచునే యున్నాము. అయితే ఈ ఏడు కార్యవర్గములో ఒక మాట వచ్చినది. పిల్లలకు అర్థము కానప్పుడు ఈ ప్రసంగములు ఎవరికొరకు, వచ్చే ఏటినుండి హిందీలో జరుపుదము, లేనిచో సభ మానివేసి ఆ సొమ్ముతో పిల్లలకు నోటుపుస్తకములు కొనియిత్తము అని కొందరు యువకులు ప్రతిపాదించిరి. వారు చెడ్డ మాట అనలేదు. వారికి జవాబు చెప్పుమని నన్ను నిలువబెట్టినారు. జవాబు తరువాత. ముందు 1974 నాటి సంగతి చెప్పెదను. ఇక్కడ కూర్చున్నవారిలో అప్పటికి పుట్టినవారే తక్కువ.

ఆనాడు నాకు 22 ఏండ్లు. మా బాపు, నేను ఒకే షెడ్డులో రాత్రిపాళీ చేయుచుంటిమి. 24 సాంచాల షెడ్డు. అవి నడుచునప్పుడు ప్రక్కవాడు చెవిలో అరచినను వినబడదని పెద్దలకు చెప్పనక్కరలేదు. చదువుకొని ఆఫీసులకు పోవు చిరంజీవులకు చెప్పవలసియున్నది. షెడ్డులో మాకు మాటలు లేవు, సైగలే. బొటనవ్రేలు పెదవికి తాకించినచో చాయ. రెండు వ్రేళ్లు కత్తెరవలె ఆడించినచో పోగు తెగినదని. మీసము మెలివేసినట్లు చూపినచో మెహతా వచ్చుచున్నాడు, జాగ్రత్త యని. మనిషి పోయినాడని చెప్పుటకు అరచేతిని వెల్లకిల త్రిప్పెడివారము.

ఆ రాత్రి బొంబాయినుండి వచ్చిన మావాడొకడు తెలుగు పత్రిక చంకలో పెట్టుకొని షెడ్డు తలుపుకడ నిలిచెను. అప్పటికే ఆ పత్రిక రెండు మూడు దినముల నాటిది. ఏమి సంగతి యన్నట్లు మా బాపు గడ్డమెగరవేసెను. వచ్చినవాడు రెండు వ్రేళ్లతో తన గడ్డమును క్రిందికి దువ్వెను. బాపునకు క్షణములో తెలిసినది: పాతాళభైరవిలోని నేపాళ మాంత్రికుడు. బాపు నవ్వెను. ఆదివారము ఆ ఆట వచ్చుచున్నదనుకొన్నాడట. అంతట వచ్చినవాడు భుజముపై గద మోసినట్లు చేయి పెట్టి, రొమ్ము విరిచి ఘటోత్కచుడైనాడు. ఆ పిమ్మట అరచేతిని వెల్లకిల త్రిప్పెను.

బాపు తన సాంచాలు ఆపివేసెను. ఆ పనిలో కూలి మీటరుకింత యని. ఆపిన ప్రతి నిమిషమునకు కోత మన కడుపుననే పడును. అయినను ఒక్కొక్కటిగా తెలుగువారి సాంచాలన్నియు ఆగినవి. ఉత్తరప్రదేశమునుండి వచ్చిన ముస్లిం సోదరులు నలుగురైదుగురు మాతో పనిచేయుచుండిరి. ఎవరో పోయినారని గ్రహించి వారును ఆపిరి. అప్పుడు రేకుల కప్పుపై వాన పడుచున్న చప్పుడు వినబడినది. ఎప్పటినుండి కురియుచున్నదో మాకెవ్వరికిని తెలియదు. మెహతా పరుగున వచ్చి, పోయినది మీ చుట్టమా యని హిందీలో అడిగెను. మా ఇంటి పెద్ద యని బాపు వచ్చీరాని హిందీలో చెప్పెను. మెహతా మరేమియు అనక పది నిమిషములు బయట నిలిచి, తరువాత లోనికి వచ్చి మీసము మెలివేసెను. మా సైగ అతనికిని తెలియునని ఆనాడే తెలిసినది. నవ్వవలసిన చోటే, కాని ఎవరును నవ్వలేదు. సాంచాలు మరల నడచినవి.

కంఠమునకు పేరుపడిన మనిషి. ఆయన మరణవార్త మాకు ఒక్క మాటైన లేకుండ చేరినది.

మా ఇంటి పెద్ద యని బాపు చెప్పినాడు గాని, రంగారావుగారు మన జిల్లాలవారు కారు. మన పెద్దలు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, మెదకు వైపు పల్లెలలో చేతిమగ్గము మూలపడి, పొట్ట చేతబట్టుకొని ఇక్కడికి వచ్చినవారు. ఆయన 1918 జూలై 3న కృష్ణాజిల్లా నూజివీడులో జన్మించిరి. మద్రాసులో కొంత, ఆంధ్రతీరపు పట్టణములలో కొంత చదివి, బి.ఎస్సీ. పట్టము పుచ్చుకొని, అగ్నిమాపక శాఖలో ఉద్యోగము చేసిరి. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకములలో ఆయన కంఠము పదునెక్కినది. 1947లో వచ్చిన వరూధిని ఆయనకు మొదటి చిత్రము. అందు నాయకుడైన ప్రవరుడు ఆయనే. ఆ చిత్రము నడువలేదు. అప్పుడాయన ఏమి చేసిరో తెలియునా? జంషెడ్‌పూరు పోయి టాటావారి ఇనుప కర్మాగారములో ఉద్యోగమున చేరిరి. రాజసమునకు మారుపేరైన మనిషి, పరభాషా ప్రాంతమున, కర్మాగారపు ఊర నెలజీతమునకు పనిచేసిరి. ఈ సంగతి నాకు నడివయస్సులో తెలిసినది. మా బాపునకు తెలియదు. తెలిసియుండినచో, మా ఇంటి పెద్ద యను మాటకు కారణము వెదకికొన నక్కరలేకపోయెడిది.

జంషెడ్‌పూరునుండి మరల మద్రాసు చేరిన తరువాత ఆయన వెనుదిరిగి చూడలేదు. 1950లో షావుకారు చిత్రమున సున్నం రంగడు, 1951లో పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుడు. ఆ పాతాళభైరవియే 1952లో మన పొరుగున బొంబాయిలో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో ప్రదర్శింపబడినది. మాంత్రికుడు డింభకా యని పిలుచు ఆ పిలుపు మన వాడలో ఎంత దూరము పోయినదనగా, కండెలు అందించు చిన్న కుర్రవాండ్లందరికి అదే పేరు. ఇప్పుడు తాతలైన డింభకులు ముగ్గురు ఈ సభలోనే యున్నారు. లేచి నిలువనక్కరలేదు.

ఇక మాయాబజారు. 1957లో వచ్చిన ఆ చిత్రమును నేను మొదట చూచినది నా 12వ ఏట, ఈ ఊర నొక టాకీసులో. ఏ టాకీసని చెప్పను. ఆదివారము ఉదయము మాత్రమే మనకు తెలుగు ఆట. మధ్యాహ్నము హిందీ ఆటకు తలుపులు తెరువవలెను. మాయాబజారు మూడు గంటలకు పైబడిన చిత్రము. అంతకాలము మనకీయుటకు ఆ టాకీసువారికి మనసొప్పలేదు. నడుమ నొక రీలు వేయకుండ దాటించివేసిరి. మా అవ్వ, అమ్మ, పిల్లలు నలుగురు, పెట్టిన డబ్బునకు ఒక రీలు తక్కువ. వెలుపలికి వచ్చి గొడవ పడుటకు మనవారికి భాష చాలలేదు. చెప్పుకొనుటకు మరాఠీ రాదు, తిట్టుటకు హిందీ రాదు, తెలుగులో తిట్టినచో వారికి తెలియదు.

ఆ పోయిన రీలులోని ఘట్టమును మా బాపు ఎరుగును. అంతకు ముందొకసారి పెండ్లికి కరీంనగరు పోయినప్పుడు పూర్తి ఆట చూచి వచ్చినాడు. ఇంటికి నడచి వచ్చుచు నడిదారిన నిలిచి దానిని మాకు ఆడి చూపినాడు. ఘటోత్కచుని శిష్యులలో నొకడు మాట తడబడును. అస్మదీయులు అనగా మనవారు గదా. మరి మనవారు కానివారిని ఏమనవలెను? వాడు తన తెలివికొలది తసమదీయులని ఒక మాట కల్పించును. అటువంటి మాట ఏ నిఘంటువునందును లేదు. గురువు వానిని దండించునని మనము చూచుచుందుము. ఘటోత్కచుడు ఆలోచించి, మాటలు ఎవరో ఒకరు పుట్టింపక తామై ఎట్లు పుట్టునను భావముతో మెచ్చుకొని, వీరతాడు బహుమానమిప్పించును. వ్రాసినవారు పింగళి నాగేంద్రరావుగారు, తీసినవారు కె. వి. రెడ్డిగారు. బాపు ఆ మెచ్చుకోలు చెప్పునప్పుడు రొమ్ము ముందునకు వచ్చి కనుబొమలు పైకి లేచెను. ఇరువైపుల మరాఠీ అంగళ్లవారు వింతగా చూచుచుండిరి.

ఆ ఘట్టమును తెరపై చూచుటకు నాకు 20 ఏండ్లు పట్టినది. వీడియో క్యాసెట్టులు వచ్చిన కాలమున, వాడలో పదిండ్లవారు చందాలు వేసుకొని యంత్రము అద్దెకు తెచ్చిన రాత్రి చూచితిని. రంగారావుగారు మా బాపుకంటె బాగుగా చేసిరని ఒప్పుకొనుటకు మరికొంత కాలము పట్టినది.

ఈ ఘట్టమునే పట్టుకొని యుండుటకు కారణము కలదు. మన ఇండ్లలోని తెలుగు ఒకటి, ఆ తెరమీది తెలుగు ఒకటి. మనము వచ్చునప్పుడు తెచ్చినది కరీంనగరు పల్లెల మాట. ఇక్కడ దానిలో హిందీ కలిసినది, మరాఠీ కలిసినది, కార్ఖానా కలిసినది. నేను పాతికేండ్ల వయస్సున ఒక చుట్టాల పెండ్లికి మా స్వగ్రామము పోయితిని. పని ఎట్లున్నదని అడిగినారు. బాగున్నది గాని మాటిమాటికి ధాగా తుటుతున్నది అని చెప్పితిని. పందిరి క్రింద కూర్చున్నవారందరు పడిపడి నవ్విరి. పోగు తెగుచున్నదని అనవలెనట. బొంబాయోడు తెలుగు మరిచిండు అని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పెను. నాతో వచ్చిన నా తమ్ముడు ఆ దినమునుండి ఆ ఊర నోరు విప్పలేదు. ఆ ఊరివారి మాటను చిత్రములవారు ఏమి చేసిరి? చిరకాలము మన తెలంగాణపు యాసను హాస్యగానికో దుష్టునికో తగిలించి నవ్వించిరి. నవ్వినవారిని చూచి నవ్వువారు వేరొకరుందురు. ఆ సంగతి ఆ పందిరి క్రింద నాకు తట్టలేదు. తిరుగు ప్రయాణములో రైలులో ఘటోత్కచుడు జ్ఞప్తికి వచ్చెను. ధాగా తుటినదను మాట ఆయన చెవిని పడినచో నాకు వీరతాడు వేయించి యుండెడివాడు కాడా? దానినే తలచుకొని తమ్మునికి చెప్పితిని. వాడు నవ్వెను. ఆ దినమున వాడు నవ్వుట అదియే మొదలు.

రంగారావుగారి వేషములన్నింటిని ఏకరువు పెట్టను. పత్రికలు ఏటేట వ్రాయుచునే యున్నవి. రెండింటిని మాత్రము చెప్పి తీరవలెను. 1963లో వచ్చిన నర్తనశాలలో ఆయన కీచకుడు. ఆ చిత్రమును మాటుంగాలో చూచితిమి. దక్షిణాది చిత్రములకు పేరుపడిన అరోరా టాకీసు అక్కడనే కదా. కల్యాణు వరకు బస్సు, అక్కడినుండి లోకలు రైలు. మా చిన్నవ్వ కీచకుని చూచి ఆట జరిగినంతసేపు మెటికలు విరిచి తిట్టుచునేయుండెను. తిరిగి వచ్చునప్పుడు రైలులో, ఎంత అందముగా నడిచిండే యని ఆమెయే అనెను. ఆ వేషమునకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవములో ఉత్తమనటుడని బహుమతి వచ్చినది. సముద్రము దాటి ఇండోనేషియాలో గుర్తింపు వచ్చిన మనిషికి మన దేశపు పద్మ పురస్కారము ఒక్కటైన దక్కలేదు. 2013లో తపాలాశాఖవారు బిళ్ల వేసిరి. సంతోషమే. పోయిన 39 ఏండ్లకు.

రెండవది 1955లో బి. ఎన్. రెడ్డిగారు తీసిన బంగారుపాప. దానిని మనలో చూచినవారు తక్కువ. కరడుగట్టిన మనిషి యొకడు దిక్కులేని పసిబిడ్డను ఎత్తుకొని, పెంచి, తానే మారిపోవును. ఆ కోటయ్య వేషమున గద లేదు, కిరీటము లేదు, పెద్ద గొంతు లేదు. పాలగుమ్మి పద్మరాజుగారు ఆ కథను జార్జి ఎలియట్ అను ఆంగ్ల రచయిత్రి వ్రాసిన సైలస్ మార్నరు నవల ఆధారముగా మలచిరి. ఆ నవలలోని కథానాయకుడు ఎవరనుకొన్నారు? ఊరు విడిచి మరొక ఊరు చేరిన నేతగాడు! అక్కడివారికి వాడు ఎప్పటికిని పరాయివాడే, మగ్గము చప్పుడు తప్ప వానికి తోడు లేదు. మన పద్మశాలి కథను ఇంగ్లీషువారు 1861లోనే వ్రాసికొనిరన్న మాట. తెలుగు చిత్రములో కోటయ్య నేతగాడు కాకపోవుట మనకు నష్టమే. అయినచో రంగారావుగారి చేతిలో నాడె ఎట్లు ఆడెడిదో చూచియుందుము.

ఆయన చేసినదంతయు ఇంత గొప్పగా నున్నదని నేననను. చివరి ఏండ్లలో అదే జమీందారు, అదే తండ్రి, అదే చేతికర్రగా కొన్ని వేషములు వచ్చినవి. ఆయన వచ్చి నిలిచినచో చాలునని తీసినవారు అనుకొనిరి. చూచినవారమును అట్లే అనుకొంటిమి. అభిమానులకు ఈ మాట రుచింపదు. కాని 50 ఏండ్ల తరువాతనైనను అనవలెను.

మరియొక మాట. ప్రసంగములు హిందీలో జరుపుదమని అడిగిన యువకులకు చెప్పవలసిన మాట ఇది. మన కరీంనగరులోనే 1909లో పుట్టి బొంబాయి చేరి, మూకీ చిత్రముల నాటినుండి హిందీ తెరపై నాయకుడై వెలిగిన పైడి జైరాజుగారిని మీరెరుగుదురా? 1956లో వచ్చిన హాతింతాయిని మా బాపు మూడుసార్లు చూచినాడు, ఈలలు వేసినాడు. ఆ హాతిం తన జిల్లావాడని అతనికి తెలియనే తెలియదు. జైరాజుగారికి 1980వ సంవత్సరపు ఫాల్కే పురస్కారము వచ్చినప్పుడు కూడ మన వాడలో దీపము పెట్టినవారు లేరు. 2000 ఆగస్టు 11న ఆయన బొంబాయిలోనే, ఇక్కడికి ఒక పూట ప్రయాణములో, కన్నుమూసిరి. మనము సభ చేయలేదు. నూజివీడువాడు మా ఇంటి పెద్ద యైనాడు, కరీంనగరువాడు పరాయివాడైనాడు. నేను జైరాజుగారిని తప్పుపట్టుట లేదు. ఆయన పొట్ట హిందీ నింపినది, మన పొట్టను భివండీ నింపినట్లే. కాని మన చెవికి ఆయన ఏ భాషలో వినబడెనో ఆ భాషలోనే ఆయనను మరచితిమి.

అందుచేత ప్రసంగములు హిందీలో జరుపుటకు నేనొప్పను. అయితే యువకుల ఫిర్యాదులో నిజము లేదని చెప్పుటకును ధైర్యము చాలదు. మొన్న మా మనుమనికి ఈ ప్రసంగము చదివి వినిపించితిని. తాతా, సగం సమజైంది, సగం సంస్కృతం లెక్క ఉంది అన్నాడు. వాని తప్పు కాదు. నేను నాలుగవ తరగతివరకు మరాఠీ బడిలో చదివినవాడను. తెలుగు అక్షరములు నేర్చినది టాకీసు వాకిట అమ్మిన పాటల పుస్తకములనుండి, కథాసంగ్రహములనుండి. కాగితముమీద నాకు దొరికిన తెలుగు ఈ వేషములోనే దొరికినది. దానినే వ్రాయుచున్నాను. ఇంటిలో మాత్రము నేను ధాగా తుటినదనియే అందును. ఆ తెలుగులో సభలో నిలిచి మాటలాడుటకు ఇన్నాళ్లు సిగ్గుపడితిని. ఆ పందిరి క్రింది నవ్వు ఇంకను చెవిలో నున్నది కాబోలు. చెవులు సగము పోయినను అది పోలేదు.

కావున నా జవాబు ఇది. వచ్చే ఏడు ప్రధాన ప్రసంగము నా బోటి ముసలివాడు చేయవలదు. నేడు ఇక్కడ కూర్చున్న పిల్లలలో ఎవరైనను చేయవలెను. వారింటిలో మాటలాడు తెలుగులో, అందు మరాఠీ యున్నను సరే, హిందీ యున్నను సరే, అయిదు నిమిషములైనను సరే. తప్పులు దిద్దుటకు ఎవ్వరును లేవరాదు. నేను లేచినచో నన్ను కూర్చుండబెట్టుడు. నోటుపుస్తకముల సొమ్మునకు నా వంతుగా 2000 రూపాయలు కోశాధికారిగారికి ఇచ్చియున్నాను; దానికొరకు సభను మానవలసిన పని లేదు.

ఇక ఆట సంగతి. ఈ సాయంత్రము చూపునది 2010లో రంగులద్దిన మాయాబజారు. నలుపు తెలుపులదే అసలైనదని మా తరమువారు అలుగుదురని తెలియును, నేనును అలిగినవాడనే. కాని పిల్లలు రంగులున్నచో కూర్చుందురు. ఆ వీరతాటి ఘట్టమున్నదా లేదా యని నేను నిన్న రాత్రి స్వయముగా వేసి చూచి వచ్చితిని. ఉన్నది. పిల్లలు ముందు వరుసలలో చాపలపై కూర్చుండవలెను. సాంచాలపై పనిచేసి వినికిడి తగ్గినవారికి స్పీకరు ప్రక్కన కుడివైపు కుర్చీలు వేయించితిమి. మొగమాటపడక అక్కడికి రావలెను. ఆట సరిగా 7 గంటలకు మొదలగును.